రాయనివ్వని ఫ్లాపీలు

వేలెడంత పెన్‌డ్రైవ్ మొండికేసి, ఏమీ రాయనివ్వక, ఫార్మాట్ కూడా కానివ్వకపోతే మీరేం చేస్తారో నాకు తెలుసు. పక్కనున్న చిన్న మీటను అటూ ఇటూ జరుపుతారు. ఫోన్‌లో వెతికి నాలుగు ఉపాయాలు చూస్తారు. అప్పటికీ కాకపోతే చెత్తబుట్టలో పడేసి ఇంకొకటి కొంటారు. మంచిదే. మీ కాలంలో ఈ పనికి అవమానం తక్కువ. నా ఉద్యోగ కాలంలో ఇదే జబ్బు చేసినప్పుడు ఒక నేత సొసైటీ కార్యవర్గమంతా చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకొని నా వెనుక నిలబడింది. ఆ సంగతి చెబుతాను.

నారాయణపేటలో అదొక చిన్న నేత సొసైటీ. తొంభైల మొదట్లో మా అధ్యక్షులు హైదరాబాదు పోయి ఒక కంప్యూటర్ తెచ్చారు. చీర అంచులు, కొంగులు తెర మీద గళ్లుగళ్లుగా గీసి, రంగులు మార్చి చూసుకొని, కాగితం మీద అచ్చు తీసి నేతగాళ్లకు ఇవ్వడం దాని పని. దాని ముందు కూర్చోవడం నా పని. టైపు పరీక్ష పాసైనవాడిని, ఇంగ్లీషు చదవగలిగినవాడిని ఆ సొసైటీలో నేనొక్కడినే. హైదరాబాదులో కొన్ని వారాల శిక్షణ కూడా ఇప్పించారు. చాలామందిమి ఒక్క మిషను చుట్టూ మూగి, గురువుగారి భుజాల మీదుగా మెడలు చాచి నేర్చుకున్నాం. ఆయన ఏ వస్తువునూ మా చేతికి ఇవ్వలేదు.

మా కుటుంబం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మాది ఒకప్పుడు జాగీరు. నేను పుట్టేనాటికి జాగీరు పోయింది, మేముండే దేవిడీలో సగం కప్పు కూలింది, గుర్రాల కొట్టంలో ఎవరో సైకిళ్లకు పంక్చర్లు వేసేవారు. మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే. ఎండాకాలంలోనూ కాలరు గుండీ పెట్టుకొనే ఆఫీసుకు పోయేవాణ్ని. కంప్యూటర్ గది తలుపు మీద 'అనుమతి లేనిదే లోపలికి రాకూడదు' అని బోర్డు నేనే రాయించి పెట్టాను. అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. దుమ్ముకు పాడయ్యే వస్తువు అది.

సొసైటీలో నన్ను అందరూ 'సాబ్' అనేవారు. అధ్యక్షులకు సరదా పుట్టినప్పుడు 'నవాబు సాబ్' అయ్యేది.

మా మిషనుకు సొంతంగా ఏదీ గుర్తుండేది కాదు. ఏం దాచుకోవాలన్నా ఫ్లాపీ మీదే. మీలో చాలామంది చూసి ఉండరు. అరచేతి కంటే కొంచెం పెద్దది, నల్లగా, పలుచగా, నలుచదరంగా ఉండేది. కొత్త ఫ్లాపీ మీద నేరుగా ఏమీ రాయలేం. ముందు దాన్ని ఫార్మాట్ చేయాలి. మగ్గం మీద పడుగు పోగులు సర్దుకున్నాకే నేత మొదలైనట్టు అనుకోండి. మా దగ్గర నడిచే ఫ్లాపీ ఒక్కటే ఉండేది. మేం గీసిన అంచులన్నీ దాని మీదే ఉన్నాయి.

ఆ వానకాలం మా మగ్గాలు సగానికి సగం ఆగిపోయాయి. అప్పుడు హైదరాబాదులో చీరల అంగళ్లున్న ఒక షావుకారు నుంచి కబురొచ్చింది. ఆయన కూడా కొత్తగా కంప్యూటర్ కొన్నాడట. మేం గీసిన గోపురం అంచు ఆయనకు కావాలి, అయితే కాగితం మీద కాదు. "ఫ్లాపీ తెండి, రంగులు నా తెర మీద మార్చుకొని చూస్త, నచ్చితే పండుగ సీజన్ మాల్ ఆర్డరంతా మీకే" అన్నాడు. ఉన్న ఒక్క ఫ్లాపీ ఇస్తే మా అంచులన్నీ ఆయన చేతిలో పోసినట్టే. కాబట్టి కొత్త ఫ్లాపీల డబ్బా ఒకటి తెప్పించారు.

కార్యవర్గంలో కొందరికి ఆ మిషను మొదటి నుంచీ గిట్టదు. వాళ్లందరి ముందు అధ్యక్షులు నాకు చెప్పిన మాట ఇది:

"సాబ్, గీ డబ్బ వచ్చినకాంచి కరెంటు తింటాంది తప్ప మనకు పెట్టింది లేదు. గీ ఒక్క పని చేసి చూపెట్టు. లేదంటే దాన్ని అమ్మేస్తం. నువ్వు నూలు గోదాములకు పోవాలె, నేనేం చెయ్యలేను."

నూలు గోదాము. అక్కడి ఇన్‌చార్జి తాత మా గుర్రాలకు దాణా వేసినవాడు. ఇన్‌చార్జి చాలా మంచివాడు, నాకదే కష్టం. నేను ఎదురుపడితే అప్పటికీ లేచి నిలబడేవాడు. ఆయన కింద చేరితే, గుమాస్తా లోపలికి రాగానే అధికారి లేచి నిలబడే ఏకైక కార్యాలయం మాదే అయ్యేది.

కొత్త డబ్బా వచ్చింది. ఇక్కడ మా సొసైటీ పద్ధతి ఒకటి చెప్పాలి. లోపలికి వచ్చేదైనా బయటికి పోయేదైనా ముందు తనిఖీ బల్ల మీదికి పోవాలి. నూలైనా, చీరైనా, చీపురుకట్టైనా సరే. ఆ బల్ల ఒక పెద్దమనిషిది. అందరం 'కాక' అనేవాళ్లం. కిటికీ పక్కన చాప మీద కూర్చొని, వాలు బల్ల మీద చీరను జానెడు జానెడుగా జరుపుతూ తెగిన పోగును, జారిన పోగును పట్టేవాడు. పట్టి వదిలేయడు. అక్కడికక్కడే సన్నని సూదితో రఫూ చేసేవాడు. ఆయన రఫూ చేసిన చోటు మళ్లీ చూపించమంటే ఆయనే వెతుక్కోవాలి, అంత నున్నగా ఉండేది పని.

డబ్బా కాక బల్ల మీదికి పోయింది, మరునాడు నా గదికి వచ్చింది. ఒక ఫ్లాపీ తీసి మిషనులో పెట్టాను, ఫార్మాట్ ఆదేశం కొట్టాను. మిషను కాసేపు గురగుర అని, ఇది రాయడానికి వీల్లేకుండా రక్షణలో ఉంది అని ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఊరుకుంది. రెండోది పెట్టాను. అదే ముక్క. డబ్బాలో ఉన్నవన్నీ పెట్టాను. అన్నిటికీ అదే ముక్క.

ఎవరు రక్షిస్తున్నారు, ఎందుకు రక్షిస్తున్నారు అన్నది మాత్రం చెప్పలేదు.

మిషను అమ్మిన కంపెనీకి ఫోన్ చేయవచ్చు. అయితే అక్కడి ఇంజినీరు కుర్రవాడు మునుపు ఒకసారి నన్ను 'అంకుల్' అన్నాడు. చేయలేదు.

సంగతి ఎట్లా పొక్కిందో పొక్కింది. అందరూ వైద్యులయ్యారు. లెక్కల గుమాస్తా వోల్టేజీ అన్నాడు. వాచ్‌మన్ ఏమీ అనకుండా పోయి గది గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. నేను తీసేయించాను, మధ్యాహ్నానికి మళ్లీ కట్టాడు. అధ్యక్షులు స్వయంగా నేత పని చేసిన మనిషి, ఆయనకు కారణం వెంటనే తట్టింది.

"తేమ, సాబ్. వానకాలం నూలు గూడ గిట్లనే సతాయిస్తది. జర ఎండల పెడితే సక్కగైతది."

"ఇవి ఎండలో పెట్టే వస్తువులు కావు" అన్నాను.

"నువ్వు పెట్టినవా ఎన్నడన్న?"

"లేదు."

"మరి ఎట్ల తెలుసు?"

నేను భోజనానికి పోయి వచ్చేసరికి ప్రహరీ గోడ మీద ఒక ఫ్లాపీ అప్పడంలా వంకర తిరిగి ఉంది. అధ్యక్షులు దాన్ని రెండు చేతులా పట్టుకొని నిమురుతున్నారు. "ఒక్కటే గద సాబ్" అన్నారు. ఆ తర్వాత ఆ ప్రస్తావన రాలేదు.

రోజులు గడిచాయి. చివరికి ఒక రోజు తెల్లవారగానే షావుకారు నుంచి కబురు: మరునాడు పొద్దున రండి, ఆ తర్వాత నేను సూరత్ పోతున్న, పండుగ మాల్ అక్కడే చూసుకుంట. అంటే ఆ రోజు మధ్యాహ్నం హైదరాబాదు బస్సులో నేను ఫ్లాపీతో కూర్చోవాలి. లేకుంటే మిషనూ పోతుంది, నేనూ గోదాముకు పోతాను.

ఆ వెంటనే కార్యవర్గం నా గదికి వచ్చింది. బోర్డు సంగతి ఎవరికీ పట్టలేదు. చెప్పులు మాత్రం బయట విడిచారు, అంతవరకు మర్యాద. గోదాము ఇన్‌చార్జి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, నా మీద జాలి ఆయన ముఖంలో దాగడం లేదు. కాక కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని అందరి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

నాకు ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని పాత ఫ్లాపీని, కొత్త ఫ్లాపీని పక్కపక్కన బల్ల మీద పెట్టి గంభీరంగా చూస్తున్నాను. అప్పుడు నా భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి పాత ఫ్లాపీని ఎత్తుకుంది.

"ఆగు సాబ్" అన్నాడు కాక. "దీనికి గూడ గంటు పడ్డది. గిది మిషన్‌తోనే వచ్చినట్టుంది, నా తానికి రాలె ఎన్నడు. ఇటియ్యి, జల్ది రఫూ చేసిస్త."

"దీనికి కూడా అంటే?"

"గవన్నిటికి పడ్డట్టే." కాక పాత ఫ్లాపీ అంచు మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ చిన్న చదరపు గంటు ఉంది. నెలల తరబడి చూస్తున్నదే, ఆ వస్తువు పుట్టుకే అంత అనుకున్నాను. "కొత్త డబ్బల ఒక్కటన్న సక్కంగ లేకుండె. అన్నీ ఒక్క కాడనే తెగినై. ఎలుక అనుకున్న ముందుగాల. ఎలుకైతే గట్ల కొలిచి కొరకది. చేసిన మిషన్‌దే తప్పు. అయినగని సాబ్, ఆ అమ్మినోని ఈమాన్ చూడు. తప్పు మాల్ పంపిండుగని, మాసికెలు గూడ పంపిండు."

"ఏం మాసికెలు?"

"నల్ల కాయిదం ముక్కలు, జిగురుయి. డబ్బలనే ఉండె, సరిగ్గ ఆ గంటుకు సరిపోయేటివి. గవి ఉత్తగ ఎందుకు పెడతరు? అన్నిటికి ఏసిన. అంచుకు కోసిన. సూడు, అతుకు కనపడితె నా పేరు మార్చు."

నేను కొత్త ఫ్లాపీ తీసుకొని వెలుతురుకు పెట్టి చూశాను. అతుకు కనబడలేదు. గోటితో గీకితే తప్ప అక్కడ గంటు ఉండేదని దేవుడు కూడా చెప్పలేడు. ఆ నల్ల కాగితాలు ఎందుకిస్తారో ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఎవరూ చెరపకుండా దాచుకోవాలనుకున్నప్పుడు ఆ గంటును మూయడానికి. గంటు తెరిచి ఉంటే మిషను రాస్తుంది, మూసి ఉంటే రాయదు. కాక డబ్బా మొత్తానికి తాళం వేశాడు.

వెంటనే ఒకదాని మాసికె గోటితో లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. ఫ్లాపీ అంచే పర్రున చినిగింది. లోపలి నుంచి తెల్లటి మెత్తటి అస్తరు బట్ట బయటపడింది. గదిలో అందరూ ఒక్కసారి 'అయ్యో' అన్నారు. చావుకు వచ్చినవాళ్లు కూడా అంత బాధగా అనరు.

"గట్ల రాదు" అన్నాడు కాక, గర్వంగా. "ఆ జిగురు నాకు నమ్మకం కాలె. చింతగింజల గంజి గూడ పెట్టిన."

"కాకా, అవన్నీ విప్పాలి. ఇప్పుడే."

కాక ముఖం మారిపోయింది. కళ్లద్దాలు కిందికి దించుకొని నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"విప్పుడా? నేనేసిన రఫూ విప్పుడా? పెద్దపెద్ద షావుకార్లు భూతద్దం పెట్టి చూసిన్రు, ఒక్కడు విప్పుమనలె. నువ్వంటున్నవా?"

"అది తప్పు పని—"

ఆ మాట అనకుండా ఉండవలసింది. కాక చేతిలోని పాత ఫ్లాపీని బల్ల మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పోయి తన చాప మీద కూర్చున్నాడు.

"ఏం సాబ్ గిట్ల చేస్తివి" అన్నారు అధ్యక్షులు. "కాక అలిగిండంటె రేపటి సంది చీరలు ఎవరు పాస్ చేస్తరు?"

"బస్సు ఉన్నది సాబ్" అని గుర్తు చేశాడు గుమాస్తా, ఎవరూ మరిచిపోకపోయినా.

మిగిలినవాటి మీద నేను చెయ్యి వేస్తే అవీ చినుగుతాయి. ఆ గంజిని, ఆ అతుకును చిరగకుండా విప్పగల చెయ్యి ఊళ్లో ఒక్కటే ఉంది, అది ఇప్పుడు ఒడిలో ముడుచుకొని కూర్చుంది. మా వంశంలో ఎవరమూ ఒకరి దగ్గరికి పోయి బతిమాలి ఎరుగం. మా నాయనమ్మ కూలిన కప్పు బాగు చేయించమని సొంత అల్లుణ్ని కూడా అడగలేదు, వానలో గొడుగు కింద నమాజు చేసుకుంది. నేను కాలరు సర్దుకొని ఒక నిర్ణయానికి వచ్చాను. బతిమాలను. వివరిస్తాను. రెండూ వేరు.

మగ్గాల షెడ్డు మీదుగా నడుస్తుంటే గోడకు తగిలించిన జాకార్డు అట్టలు కనబడ్డాయి. కొంగు డిజైన్ కోసం మగ్గం పైన తిరిగే చిల్లుల అట్టలు అవి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక అట్ట తీసుకున్నాను. పోయి కాక ఎదురుగా చాప మీద కూర్చున్నాను. ఇస్త్రీ ప్యాంటుతో నేల మీద కూర్చోవడం అంత సుఖమైన పని కాదు. షెడ్డులో మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. ఈ వింతను చూడటానికే ఆగాయని నా అనుమానం.

"కాకా, ఇదేంది?"

కాక అట్ట వైపు చూడను కూడా చూడలేదు. "పరాచకాలాడకు సాబ్."

"దీనికి ఇన్ని బొక్కలున్నయి. ఒక్కదానికన్న ఎన్నడన్న రఫూ చేసినవా?"

"అట్టకెవడు రఫూ చేస్తడు? బొక్కలు మూస్తె పోగెట్ల లేస్తది?"

"మరి ఇదీ అట్టనే." ఫ్లాపీని ఆయన ముందు పెట్టాను. "ఇది బట్ట కాదు కాకా. గంటు దీని బొక్క. బొక్క ఉంటే మిషన్ రాస్తది, మూస్తే రాయదు."

కాక ఫ్లాపీని తీసుకున్నాడు, వంచి చూశాడు, చెవి దగ్గర పెట్టుకొని ఆడించాడు. అట్టను ఒక చేతిలో, ఫ్లాపీని ఒక చేతిలో పట్టుకొని బరువు చూశాడు.

"అట్టనా?"

"అట్టనే."

"మరి లోపట బట్ట ఉండె గద. నువ్వు చింపినప్పుడు చూసిన, అస్తరు లెక్క."

"ఉంది. లోపలి వస్తువు గీసుకపోకుండ పెట్టిన్రు."

"గా మాట ముందుగాల చెప్పొద్దా!" కాక గొంతు ఒక్కసారిగా లేచింది. షెడ్డంతా వినబడేలా అన్నాడు: "తలుపు మీద బోర్డు పెడితివి, లోపటికి రానియ్యకపోతివి. బట్టనో అట్టనో మాకేమెరుక? నా తానికి వచ్చినదానికి అంచు తెగి ఉంటె ఊకుంటనా నేను?"

నేను ఆయన బల్ల మీద ఫ్లాపీకి చోటు చేశాను. వాదించకపోవడం కూడా ఒక మర్యాదే.

కాక సూదుల డబ్బీలోంచి ఒక బ్లేడు ముక్క తీశాడు. ఫ్లాపీని బల్ల మీద పరిచి, చూపుడువేలిని నీళ్లతో తడుపుకొని మాసికెకు అద్దాడు. గంజి నానేదాకా ఆగాడు. తర్వాత బ్లేడు ఎత్తి పట్టుకొని, చుట్టూ చేరినవాళ్లందరికీ వినబడేలా ఒక సంగతి స్పష్టం చేశాడు.

"అందరు ఇనుండ్రి. నేను రఫూ విప్పుతలేను. అట్టకు బొక్క కొడుతున్న."

"అంతే కాకా, అంతే" అన్నారు అధ్యక్షులు.

బ్లేడు మొన గంటు చుట్టూ తిరిగింది. చిన్న నల్లటి చదరపు ముక్క ఆయన గోటి మీదికి వచ్చింది. ఫ్లాపీకి గీత పడలేదు.

మళ్లీ అందరం నా గదికి పోయాం. ఫ్లాపీ పెట్టాను, ఆదేశం కొట్టాను. మిషను గురగుర అంది. నేను కళ్లు మూసుకోలేదు, కాని తెర వైపూ చూడలేదు, గోడ వైపు చూశాను. గురగుర ఆగలేదు. తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా పెరుగుతున్నాయి.

"ఏం చేస్తాంది?" అన్నారు అధ్యక్షులు గుసగుసగా.

"పడుగు సర్దుకుంటాంది" అన్నాడు కాక, నా కంటే ముందు.

ఫార్మాట్ పూర్తయింది. గోపురం అంచును పాత ఫ్లాపీ నుంచి కొత్తదానికి ఎక్కించాను. తెరిచి చూపించాను. తెర మీద గోపురాలు వరసగా నిలబడ్డాయి. తలుపు దగ్గర గోదాము ఇన్‌చార్జి నా కంటే ఎక్కువ సంతోషించాడు. పాపం, తన గదిలో కూర్చోవచ్చునని ఆయనకూ ధైర్యం వచ్చింది.

"ఇంతకు ఏమైండె సాబ్?" అని కార్యవర్గంలో ఒకాయన అడిగాడు. ఆయన ఆ పొద్దున ఆలస్యంగా వచ్చాడు, కథంతా ఆయనకు తప్పిపోయింది.

కాక చూపు నా మీదే ఉంది. నేను ఒకే మాట అన్నాను: "మాల్‌ల చిన్న తేడా ఉండె. కాక సరిచేసిండు."

కాక తల ఊపాడు, అది తన హక్కే అయినట్టు. తర్వాత చెయ్యి చాచాడు. "ఇటియ్యి. ఊరికెనే పోతదా బయటికి?" ఫ్లాపీని తన బల్ల దగ్గరికి తీసుకుపోయి, రెండు వైపులా చూసి, చీరల మడతల మీద వేసే ఊదారంగు సిరా ముద్రను దాని చీటీ మీద గట్టిగా ఒత్తాడు. ముద్ర తడి ఆరేదాకా నోటితో ఊదాడు. వద్దని నేను అనలేదు. ఆ రోజుకు మా ఇద్దరి మధ్య జరిగింది చాలు.

బస్సు అందింది. ఆ ఫ్లాపీని ఒళ్లో పెట్టుకొని, వీపు సీటుకు ఆనించకుండా హైదరాబాదు దాకా కూర్చున్నాను.

మరునాడు పొద్దున షావుకారు దుకాణం వెనుక గదిలో ఆయన కంప్యూటర్ ఉంది. దాని ముందు టై కట్టుకున్న ఒక యువకుడు. ఆయన ఫ్లాపీని చేతిలోకి తీసుకొని, మిషనులో పెట్టకుండా అనుమానంగా తిప్పి చూశాడు.

"సారీ సార్, బయటి ఫ్లాపీలు మేం అట్ల పెట్టం. ఈ మధ్య వైరస్‌లు ఎక్కువయినయి. మీ దగ్గర చెక్ చేసిన్రా?"

వైరస్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. కాని మా సొసైటీలో ఏదీ చూడకుండా బయటికి పంపరని మాత్రం నాకు తెలుసు. నిటారుగా నిలబడి ఊదారంగు ముద్ర మీద వేలు పెట్టాను.

"చేసినం."

ఆయన ముద్రను దగ్గరగా చూశాడు. దాని పక్కన మా కాక చిన్న పొడి సంతకం కూడా ఉంది. ఆయన ముఖంలో గౌరవం కనబడింది. ఫ్లాపీ లోపలికి పోయింది, గోపురాలు తెర మీదికి వచ్చాయి. షావుకారు కుర్చీ ముందుకు జరుపుకొని ఎరుపు మార్చి పచ్చ చేయించాడు, పచ్చ మార్చి నెమలి రంగు చేయించాడు, తర్వాత వెనక్కి వాలి "సూరత్ టికెట్ వాపసు ఇచ్చేయి" అని ఎవరితోనో అన్నాడు.

నేను లేవబోతుంటే ఆ యువకుడు కలం తీసుకొని మర్యాదగా అడిగాడు.

"సార్, చెకింగ్‌కు మీ దగ్గర ఏ ప్రోగ్రాం వాడుతున్నరు? మంచిదున్నట్టుంది."

"చాలా పాతది" అన్నాను. "కాని ఒక్క పోగు తప్పు పోనియ్యదు."

"మాకు ఒక కాపీ దొరుకుతదా?"

"దొరకదు" అన్నాను. "ఒక్కటే ఉంది. దానికి కోపం కూడా ఎక్కువ."